కిటికీ ఊసు లేని ఉత్తరం

రిసాన్
1986 ఆగస్టు 28

మరదలా రదోయ్కా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు, అందులో మూడు పేజీలు మీ ఇంటి కిటికీల భాగవతమే. వంటింటి కిటికీ, వీధి తలుపు రెండూ బార్లా తెరిచి, మధ్యలో పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తుంటే స్వర్గంలా ఉందా? తొందరపడకు, అలాగే కూర్చుంటే నిజం స్వర్గానికే పోతావు.

ఇటు కిటికీ, అటు తలుపు తెరిస్తే మధ్యలోంచి దూసుకుపోయే గాలికి మన పెద్దవాళ్లు ప్రొమాయ అని పేరు ఊరికే పెట్టలేదు. మెడ పట్టేసేది అదే. చెవిపోటు తెచ్చేది అదే. ఇక మూతి వంకర పోయినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు. నీకు తెలీదని కాదు, తెలిసీ చేస్తావు గనక మళ్లీ రాస్తున్నాను. ఆ గాలిలోనే మా తమ్ముణ్ణి కూడా కూర్చోబెడుతున్నావట. వాడే రాశాడు, నీమీద చాడీ అనుకో.

నా తుంటి సంగతి అడిగావు. విరిగిన ఎముకకి వేసిన మేకు బాగానే పట్టిందన్నారు. రెండు కర్రలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి సముద్రం ఉందో లేదో చూసి వస్తున్నాను. గురువారం గురువారం ఆసుపత్రి కారు వచ్చి తీసుకెళ్తుంది. అక్కడ ఒక పహిల్వాను లాంటి అమ్మాయి నా కాలు పట్టుకుని "ఇంకొంచెం బామ్మా, ఇంకొంచెం" అంటూ పీకుతుంది. అరవై నాలుగేళ్లకి నేను బామ్మనా? ఆ గదిలో కిటికీలు మాత్రం నేనున్నంతసేపూ మూసే ఉంచుతారు. మొదటి రోజే గొడవపెట్టాను.

ఆ మిరపకాయల పచ్చడి సీసాలు నాకు ఆరు పంపు. కిందటేడు పంపినవాటిలో ఉప్పు తక్కువైంది.

స్తామెన

*

నోవీ సాద్
సెప్టెంబరు 7, ఆదివారం

వదినా,

ముందు కూర్చో. కూర్చున్నావా? మీ తమ్ముడు బతికే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఆసుపత్రి కాఫీని తిడుతున్నాడు. ఇప్పుడు చదువు.

శుక్రవారం పొద్దున పెరట్లో మిరపకాయలు కాలుస్తున్నాం, ముప్పై కిలోలు. ఆయన పట్టుకారు పుచ్చుకుని, ఉప్పు ఎంత వెయ్యాలో మా అక్కకేం తెలుసని నీమీద ఉపన్యాసం ఇస్తున్నాడు. మధ్యలో పట్టుకారు జారిపోయింది. "నా చెయ్యి నా మాట వినట్లేదే" అన్నాడు. నేను నవ్వాను వదినా, వేషాలేస్తున్నాడనుకున్నాను. అంతలో గోడ పట్టుకుని అలా కిందికి జారిపోయాడు. పక్కింటివాళ్లని కేకేసి ఆసుపత్రికి చేర్చాను.

రక్తపోటు వల్ల తలలో ఎడమవైపు చిన్న నరం చిట్లిందన్నారు. ఇక్కడ కొత్త యంత్రం ఉంది, తల లోపలి బొమ్మ తీస్తుంది. అక్రోటు కాయంత రక్తం గడ్డకట్టి ఉందట. కోసి తీసే అవసరం ప్రస్తుతానికి లేదు, కనిపెట్టి చూద్దామన్నారు. కుడి చెయ్యి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. మూతి కొంచెం వంకర. మాట నెమ్మదిగా వస్తోంది గానీ వస్తోంది. నర్సుతో ఏమన్నాడో తెలుసా? "నా ఇత్తడి బాకా ట్యూబా ఊదడానికి ఎడమవైపు మూతి చాలు, ఆదివారం నన్ను వదిలెయ్యండి, అగ్నిమాపక దళం బ్యాండు నేను లేకపోతే పిల్లనగ్రోవిలా ఉంటుంది" అన్నాడు.

రక్తపోటు బిళ్లలు వేసుకుంటున్నాడా అని డాక్టరు గుచ్చిగుచ్చి అడిగాడు. రోజూ నా కళ్లముందే నోట్లో వేసుకుని, ఆ తర్వాతే ట్యూబా సాధనకి పోతాడని చెప్పాను.

ఇంకో సంగతి. ఆయన మంచం పక్కన కిటికీ ఉంది, దానికి సూటిగా ఎదురుగా తలుపు. నీ గుండె గుభేలుమని ఉంటుంది. ప్రస్తుతం మూసే ఉంది, ఊపిరి పీల్చుకో.

నువ్వు ఆ కాలితో బయల్దేరితే నిన్నూ పక్క మంచంలో పడుకోబెడతాను. కదలకు. రోజు విడిచి రోజు రాస్తాను.

రదోయ్కా

*

నోవీ సాద్
సెప్టెంబరు 11

ప్రియమైన వదినకు,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. మిగిలిన మిరపకాయలు పక్కింటి యెలిసావెతా వచ్చి కాల్చి పెట్టింది. ఇరవై రెండు సీసాలు అయ్యాయి. ఈసారి ఉప్పు సరిగ్గా పడింది. నీ ఆరు సీసాలు విడిగా పెట్టాను.

ఆయన ఎక్కువసేపు నిద్రపోతున్నారు. తల కొంచెం ఎత్తుగా పెట్టి పడుకోబెట్టారు. సెలైను సీసాతో ఏదో మందు ఎక్కిస్తున్నారు. నిద్ర మంచిదే కదా. డాక్టర్లు శ్రద్ధగా చూస్తున్నారు.

వాతావరణం బాగానే ఉంది. నీ తుంటి జాగ్రత్త.

ఇట్లు,
రదోయ్కా

*

రిసాన్
సెప్టెంబరు 15

రదోయ్కా,

ఈ ఉత్తరం ఎవరు రాశారు? దస్తూరీ నీదే. మనిషి నువ్వు కాదు.

"ప్రియమైన వదినకు" అట! "ఇట్లు" అట! పెళ్లయి వచ్చిన కొత్తలో కూడా నువ్వు నన్ను ఇంత మర్యాద చెయ్యలేదు. మీ ఆయన్ని "ఆయన నిద్రపోతున్నారు" అని ఎప్పుడు రాశావు? "మీ తమ్ముడు గురక పెడుతున్నాడు, వచ్చి తీసుకుపో" అని రాసే మనిషివి.

పోస్టు అమ్మాయి ఉత్తరం ఇచ్చి పోయాక మూడుసార్లు చదివాను. ఏదో తగ్గింది, ఏం తగ్గిందో తెలీలేదు. కాఫీ పెట్టుకుని నాలుగోసారి చదివితే అప్పుడు వెలిగింది. ముప్ఫై నాలుగేళ్లలో నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో కిటికీ ఊసు లేనిది ఇదొక్కటే. మీ అమ్మ పోయినప్పుడు కూడా శవపేటిక పక్కన కిటికీ తెరిచిపెట్టానని రాశావే! నన్ను ఉడికించకుండా నువ్వు కలం పట్టుకోవు.

ఆదివారం ఉత్తరంలో వాడు మాట్లాడుతున్నాడు. గురువారం ఉత్తరంలో నిద్రపోతున్నాడు. మధ్యలో మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ నువ్వు మింగేశావు. మంచిదో చెడ్డదో కక్కెయ్. నా తమ్ముడు పోయి ఉంటే అదైనా రాయి. ఫోన్ చెయ్యకు, నాకు సగం వినపడదు, నువ్వు అరుస్తావు, మిగతా సగం తప్పుగా వినపడుతుంది.

స్తామెన

*

నోవీ సాద్
సెప్టెంబరు 19

వదినా,

ఉన్నాడు. ఉన్నాడు గానీ నాతో లేడు.

దాచి ఏం లాభం, నువ్వు పట్టేశావు. రాస్తున్నాను. చదివాక నా ముఖం చూడనంటే అర్థం చేసుకుంటాను.

ఆదివారం బాగున్నాడు. సోమవారం పొద్దున వెళ్లేసరికి చిరాగ్గా ఉన్నాడు. తల బరువుగా ఉందన్నాడు. రొట్టె పెడితే కక్కాడు. దుప్పటి తోసేస్తున్నాడు, నేను కప్పుతున్నాను. "ఉక్కపోస్తోంది, ఊపిరాడట్లేదు, కిటికీ తెరువే" అన్నాడు. వద్దన్నాను. ఒట్టు వదినా, నీ పేరు చెప్పే వద్దన్నాను. "అక్క ఇక్కడ లేదుగా, తెరువు" అన్నాడు. రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. తెరిచాను. బయట చల్లటి గాలి, హాయిగా ఉంది. ఆయన కళ్లు మూసుకుని "హమ్మయ్య" అన్నాడు. సరిగ్గా అప్పుడే భోజనాల బండి తోసుకుంటూ ఆయా తలుపు తెరిచింది. గాలి ఇటు నుంచి అటు దూసుకుపోయింది. బల్ల మీద కాగితాలు ఎగిరాయి. కిటికీ రెక్క ఢామ్మని కొట్టుకుంది.

పక్క మంచం పెద్దాయన దుప్పటి నెత్తిమీదికి లాక్కుని "ప్రొమాయ! చంపేస్తావా అమ్మా మనుషుల్ని!" అని కేకలు. నేల తుడిచే ఆవిడ చీపురు పడేసి వచ్చి మూసింది. నర్సు కూడా, చదువుకున్న పిల్ల, "తల దెబ్బతిన్న మనిషికి అలా గాలి తగలనిస్తారా?" అంది.

మధ్యాహ్నానికి మాట ముద్దగా వచ్చింది. సాయంత్రానికి పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. మంగళవారం పొద్దున గిల్లితే తప్ప పలకలేదు. మళ్లీ బొమ్మ తీశారు. మెదడు వాచిందన్నారు. అంతకన్నా ఏం చెప్పారో నాకు తలకెక్కలేదు, వాచింది అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకు వాచిందో నాకు తెలుసుగా, వాళ్లని అడగడం దేనికి?

ఆయన నాతో అన్న ఆఖరి మాట "హమ్మయ్య". నేనే చేశాను వదినా. ముప్ఫై నాలుగేళ్లు నువ్వు చెప్తూనే ఉన్నావు, నేను నవ్వుతూనే ఉన్నాను.

ఇప్పుడు నేను గదిలోకి వెళ్లడం లేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంటున్నాను. ఆ పెద్దాయన నావంక చూసే చూపు భరించలేను. నా చెయ్యి తగిలితే ఇంకేం అవుతుందోనని భయం కూడా. ఇంట్లో కిటికీలన్నీ మూసేశాను. నువ్వు గెలిచావు.

రదోయ్కా

*

రిసాన్
సెప్టెంబరు 25, గురువారం

రదోయ్కా, నా తల్లీ,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. మొన్న జవాబు రాయలేదు. రాసి ఉంటే ఏం రాసేదాన్నో నాకే తెలీదు, అందుకని కాగితం ముట్టుకోలేదు. ఈ గురువారం కోసం ఆగాను.

మా ఆసుపత్రికి కోతోర్ నుంచి గురువారాలు ఒక మెదడు డాక్టరమ్మ వస్తుంది. పేరు ల్యుబిత్సా. పొట్టి జుట్టు, నోరు నాకన్నా పెద్దది. ఆ పహిల్వాను పిల్ల నా కాలు పీకుతుంటే, కర్ర చాపి డాక్టరమ్మ దారికి అడ్డం పెట్టాను. "మెదడు ఎలా వాస్తుందో చెప్పి కదులు" అన్నాను. నవ్వింది. నవ్వి ఆ బల్ల మీదే నా పక్కన కూర్చుంది.

మా తమ్ముడికి శుక్రవారం నరం చిట్లింది, ఆదివారం దాకా మాట్లాడాడు అన్నాను, అంతే. కిటికీ మాట ఎత్తలేదు. మిగతాది ఆవిడే చెప్పింది, విను.

"మూడో రోజో నాలుగో రోజో చిరాకు పడ్డాడా?" అంది. అవునన్నాను. "తల బరువంటాడు, వాంతి చేసుకుంటాడు, దుప్పటి తోసేస్తాడు, ఉక్కగా ఉంది, గాలి ఆడట్లేదు, కిటికీ తెరవమంటాడు. తర్వాత మత్తుగా అయిపోతాడు. అంతేనా?"

"కిటికీ సంగతి నీకెవరు చెప్పారు?" అని అరిచాను. "ఎవరు చెప్పాలి బామ్మా, చాలామంది అడుగుతారు. లోపల ఒత్తిడి పెరుగుతుంటే మనిషికి ఎక్కడ నిమ్మళంగా ఉంటుంది?" అంది.

అర్థమైందా నీకు? కిటికీ తెరిచాక వాపు రాలేదు. వాపు వచ్చాక కిటికీ తెరవమన్నాడు.

ఇంకా అడిగాను. వదిలితే కదా! నీకు తలకెక్కలేదన్నావుగా, నాకు ఎక్కిన మేరకి రాస్తున్నాను. జున్ను చెయ్యడం నీకు తెలుసు. పాలు విరిగి ముద్ద కట్టాక అది ముడుచుకుంటూ తేట నీళ్లు వదుల్తుంది చూడు, తలలో గడ్డకట్టిన రక్తం కూడా మొదటి గంటల్లోనే అలా నీళ్లు వదుల్తుందట. ఆ నీళ్లు చుట్టూ ఉన్న మంచి మెదడులోకి ఇంకుతాయి. అంటే మీ పెరట్లో మిరపకాయలు చల్లారకముందే వాడి వాపు మొదలైంది. ఆ తర్వాత గడ్డకట్టించే రసాలు చుట్టుపక్కల మంటపుట్టిస్తాయి. సన్న నరాల గోడలు జల్లెడలై ఇంకా నీరు ఊరుతుంది. ఇంకొన్నాళ్లకి ఆ గడ్డలో ఎర్ర కణాలు చిట్లి, లోపలి సరుకంతా బయటికి కారుతుంది, అది మెదడుకి పడదు, మళ్లీ వాపు. రెండో వారం దాకా పెరగొచ్చట. తర్వాత తగ్గుముఖం. కాలు వాస్తే బయటికి వాస్తుంది, తలకి చుట్టూ ఎముకే, ఎటు పోతుంది? లోపల మంచి భాగాన్నే నొక్కుతుంది. అందుకే మనిషి మత్తుగా పడిపోతాడు. తల ఎత్తుగా పెట్టేదీ, ఆ సీసాతో మందెక్కించేదీ ఆ నీటిని లాగెయ్యడానికే.

"మరి ప్రొమాయ?" అన్నాను. "బామ్మా, కిటికీలకి మేకులు కొట్టినా నాలుగో రోజు నాలుగో రోజే" అంది. "తిట్టాలంటే రక్తపోటుని తిట్టు" అంది.

నేను ఏడవడం మొదలెట్టాను. ఆ పహిల్వాను పిల్ల భయపడి కాలు వదిలేసింది. తమ్ముడి కోసం అనుకున్నారు వాళ్లు. కాదు రదోయ్కా. ఇప్పుడు చెప్పేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

నీకు మా అమ్మ పోయిన సంగతి తెలుసు, ఎలా పోయిందో తెలీదు. నాకప్పుడు పద్నాలుగేళ్లు, తమ్ముడు తిహొమీర్‌కి పది. అమ్మ పిండి పిసుకుతూ పడిపోయింది. చెయ్యి పడిపోయింది, మూతి వంకర. రెండు రోజులు మాట్లాడింది, నాకు జడ సరిగ్గా వేసుకోలేదని తిట్టింది కూడా. మూడో రోజు నాయనమ్మ మేకల దగ్గరికి వెళ్లినప్పుడు "ఊపిరాడట్లేదు స్తామెనా, కిటికీ తెరువమ్మా" అంది. తెరిచాను. వీధి తలుపు తెరిచే ఉంది. పొద్దు వాలేసరికి అమ్మకి మత్తు, తెల్లారేసరికి లేదు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లి "ఇదిగో, ఇక్కడి నుంచి పోయింది మీ అమ్మ, నువ్వే పంపావు" అంది.

యాభై ఏళ్లు. ఏ ఇంటికెళ్లినా ముందు కిటికీ మూసేదాన్ని. నీకు చాదస్తంలా కనపడేది, నవ్వేదానివి. నువ్వు నవ్వుతుంటే నాకు బాగుండేది కూడా, ఇది నవ్వే విషయమే కాబోలని ఒక్క క్షణం అనిపించేది.

నీ ఉత్తరం చదివిన మొదటి గంట నిన్ను తిట్టుకున్నాను. అబద్ధమెందుకు! నాయనమ్మ మాటలే నా నోటికొచ్చాయి. ఆ మాటలు నీకు రాయకూడదనే గురువారం దాకా ఆగాను.

డాక్టరమ్మ లేవబోతూ "అది మీ తమ్ముడి సంగతి. ఇంకెవరి కోసమో కూడా అడిగినట్టున్నావు?" అంది. అమ్మ సంగతి చెప్పాను. విని, "మూడో రోజు కదా బామ్మా" అంది. అంతే అంది.

అందుకని ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఆ బెంచీ మీంచి లే. గదిలోకి వెళ్లి వాడి మంచం మీద కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకో. పక్క మంచం పెద్దాయన ఏమైనా అంటే, రిసాన్ నుంచి స్తామెన రెండు కర్రలతో వస్తోందని చెప్పు.

నీ వదిన

*

నోవీ సాద్
అక్టోబరు 12

వదినా,

నీ ఉత్తరం బెంచీ మీదే చదివాను. చదివి, లేచి, లోపలికి వెళ్లాను. పెద్దాయనకి నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను, జున్ను దగ్గర్నుంచి మేకుల దాకా. నర్సు కూడా వచ్చి నిలబడి విన్నది. మీ అమ్మ సంగతి మాత్రం చదవలేదు, అది మడిచి నా జాకెట్టు జేబులో పెట్టుకున్నాను. వదినా, ఎన్నిసార్లు నిన్ను కిటికీల పోలీసని ఏడిపించానో లెక్కలేదు. నన్ను క్షమించు. ఇక ముందు కూడా ఏడిపిస్తాను, కానీ తెలిసి ఏడిపిస్తాను.

ఇప్పుడు కబురు. వాపు తగ్గింది. రెండు వారాలు దాటాక కొంచెం కొంచెంగా కళ్లు నిలిపి చూడ్డం మొదలెట్టాడు. కిందటి మంగళవారం నేను చెయ్యి పట్టుకుని కూర్చుంటే నా వేలు నొక్కాడు. గురువారం మొదటి మాట అన్నాడు. నా పేరు అనుకున్నావా? "ఉప్పు" అన్నాడు. ఆసుపత్రి పులుసు గురించి. కుడి చెయ్యి పూర్తిగా వస్తుందని ఎవరూ మాటివ్వడం లేదు. కాలు వస్తుందట. మాట కూర్చుకోవాలి, రోజూ చెప్పించడానికి ఒకావిడ వస్తోంది. కొన్ని మాటలు వెతుక్కుంటాడు, దొరక్కపోతే నన్ను తిడతాడు. తిట్లు మాత్రం వెతుక్కోనక్కర్లేదు, తన్నుకుంటూ వస్తున్నాయి.

ఇక అసలు ముద్దాయి దొరికాడు. విను.

బ్యాండు వాళ్లు వచ్చి ట్యూబా తీసుకెళ్తామన్నారు, కొత్తవాడెవడో ఊదుతాడట. తుడిచి ఇద్దామని తిరగేశాను. గలగలమని చప్పుడు. ఊపితే వంటింటి నేల నిండా తెల్లబిళ్లలు! రక్తపోటు బిళ్లలు వదినా. దోసెడు. రోజూ నా కళ్లముందు నోట్లో వేసుకుని, నాలుక కింద పెట్టుకుని, సాధన గదిలోకి పోయి దాన్లోకి ఉమ్మేవాడన్నమాట. ఊదుతుంటే తప్పు స్వరం వస్తోందని బ్యాండు మాస్టారు ఏడాదిగా మొత్తుకుంటున్నాడట!

అవన్నీ గాజు సీసాలో పోసి ఆసుపత్రికి పట్టుకెళ్లి ఆయన ముఖం ముందు ఆడించాను. ఎడమవైపు మూతితో నవ్వాడు, చూడు! కళ్లవెంట నీళ్లు కూడా వచ్చాయి. చాలాసేపు వెతుక్కుని "చేదు" అన్నాడు. ఇప్పుడు బిళ్ల వేశాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూస్తున్నాను. పక్క మంచం పెద్దాయన కూడా వంగి చూస్తున్నాడు, పూర్తిగా నా పార్టీ అయిపోయాడు.

ఇవాళ ఆయనే కిటికీ వైపు ఎడమ చెయ్యి చూపించాడు. నేను తెరిచాను.

రదోయ్కా

*

రిసాన్
అక్టోబరు 20

మరదలా,

ట్యూబాలో బిళ్లలా! వాడు చిన్నప్పుడు చేపనూనె కూడా అలాగే పూలకుండీలో ఉమ్మేవాడు. వాణ్ణి లేచి నిలబడనివ్వు, నా కర్రల్లో ఒకటి వాడికిస్తాను, రెండోదానితో కొడతాను. వసంతంలో వస్తున్నాను, డాక్టరమ్మ సరేనంది. రైల్లో కిటికీ పక్క సీటు చెప్పమన్నాను. నవ్వావా? నవ్వు, నవ్వు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం చేసి బల్ల దగ్గర కూర్చున్నాను. సముద్రం వైపు కిటికీ తెరిచాను. కాసేపు చూశాను, ఏమీ కాలేదు. కర్రలు పుచ్చుకుని వెళ్లి వీధి తలుపు కూడా తెరిచాను. రెండూ. యాభై ఏళ్లలో మొదటిసారి. మధ్యలో కుర్చీ వేసుకుని ఇది రాస్తున్నాను. మెడమీద చల్లగా తగులుతోంది. అమ్మకి కూడా ఇలాగే తగిలి ఉంటుంది. అమ్మ కూడా అప్పుడు "హమ్మయ్య" అంది రదోయ్కా. ఆ మాట ఇన్నేళ్లూ నాకు గుర్తుకే రాలేదు, నీ ఉత్తరంలో చదివాక వచ్చింది. ఆఖరి రోజు మా అమ్మ అడిగిందల్లా కాస్త గాలి, అది నేను ఇచ్చాను.

నీకు ఇంకా రెండు పేజీలు రాశాను, మొన్న అందిన పచ్చడి సీసాల గురించి, ఈసారి ఉప్పు ఎక్కువైన సంగతి గురించి. అవి గాలికి లేచి కిటికీలోంచి పోయి పక్కింటివాళ్ల అంజూరు చెట్టుమీద పడ్డాయి. ఈ తుంటితో చెట్టెక్కలేను. ఇంతటితో సరిపెట్టుకో.

నీ వదిన